సూది చదివిన జట్టు

ఆగస్టు మొదటి వారం. మస్కటీన్‌లో
పుచ్చకాయల బండ్లు రోడ్డు పక్కకి వచ్చేశాయి.
మిసిసిపీ మీంచి వచ్చే గాలికి కూడా చెమట పట్టింది.
జిమ్ కింద నా గదిలో
తొంభై ఒక్క జెర్సీలు, ఒక కుట్టుమిషను,
కోచ్ పంపిన జాబితా.

పేపరువాళ్ళు రాసేశారు:
ఈ ఏడు క్వార్టర్‌బ్యాక్ చెయ్యి బాగుందట,
ముందు వరస పలచనట,
నాలుగు ఆటలు గెలిస్తే అదే పదివేలట.
వాళ్ళకేం, స్టాండ్లో కూచుని చూస్తారు.
నేను లోపలి కుట్టులోంచి చూస్తాను.

ముందు విప్పడం.
పోయినేటి పేర్లు ఒక్కో అక్షరం
బ్లేడు మొనతో లేపి తియ్యాలి.
ఒకడు ఇప్పుడు ట్రాక్టర్లు అమ్ముతున్నాడు,
ఒకడు నర్సింగులో చేరాడు,
యాభై నాలుగు మోకాలు చెడి ఇంటికెళ్ళాడు,
ఫోనెత్తడు.
దారం వచ్చేస్తుంది. చిల్లులు పోవు.
దీపానికి అడ్డంగా పట్టుకుంటే
గుడ్డలో అతని పేరు ఇంకా
చీమలబారులా నడుస్తూనే ఉంది.

మా అవ్వ ఈ ఊళ్ళోనే
నది చిప్పల్లోంచి బొత్తాలు కోసేది.
కోయగా మిగిలిన చిప్పల్ని, ఒళ్ళంతా గుండ్రటి కన్నాలవాటిని,
బాటలకి పోసేవారు.
మా పెరట్లో పార వేస్తే ఇప్పటికీ తగుల్తాయి.
ఆ కన్నాలంత బొత్తాలు
ఎవరి చొక్కాల మీద ఏ ఊళ్ళకి పోయాయో.

సరే, యాభై నాలుగు.
ఈసారి లొలొహేయకి.
యూటా కుర్రాడు, పద్దెనిమిదేళ్ళు,
గుమ్మంలోంచి పక్కకి తిరిగి వస్తాడు.
అంత మనిషీ
చంకలో టేపు పెట్టేసరికి కితకితలకి
మెలికలు తిరిగి బల్ల మీది సూదులన్నీ పారబోశాడు.
మోకాళ్ళ మీద కూచుని ఒక్కొక్కటీ ఏరిచ్చాడు.
పలచనట, ముందు వరస!

ఆట్‌కి మూడే అక్షరాలు.
వీపంతా దున్నని చేను.
"కాస్త ఎడం ఎడంగా కుట్టండి మిస్ వెర్నా,
టీవీలో కనబడాలి" అన్నాడు.
మన ఆటలు టీవీలో ఎప్పుడు వచ్చాయిరా అన్నాను.
ఒక్క అంగుళం జరపనన్నాను.
పావంగుళం జరిపాను.

అందరూ వెళ్ళాక వచ్చాడు ఆ మంచి చెయ్యి కుర్రాడు.
పన్నెండో నంబరు.
"పోయినేటి పేరు వద్దు.
మా అమ్మమ్మ ఇంటిపేరు కుట్టండి."
కాగితాలు మారాయా అని అడిగాను.
మారాయన్నాడు.
ఇంకేమీ అడగలేదు.
కాగితం చాపిన చెయ్యి,
అరవై గజాలు విసిరే చెయ్యి,
వణుకుతోంది.
పాతపేరు తనే విప్పుతానన్నాడు.
బ్లేడిచ్చాను. చాలాసేపు పట్టింది.
అర్రియోలా అని కుట్టాను, భుజం నుంచి భుజానికి.
పేపర్లో ఈ సంగతి లేదు.

ఇక పిలవని పేరంటానికి వచ్చినవాళ్ళు ఏడుగురు.
స్కాలర్‌షిప్ లేదు, జెర్సీ మీద పేరు లేదు,
ఉత్త నంబరు.
ఉంటారో పోతారో శనివారం తేలుస్తారు.
వాళ్ళలో మూన్ అని ఒకడు.
పరుగు అంతంత మాత్రం.
బంతి చేతికొస్తే వేడి గిన్నె పట్టుకున్నట్టు పట్టుకుంటాడు.
ప్రాక్టీసయ్యాక, ఎవరూ చెప్పకపోయినా,
తడి తువ్వాళ్ళన్నీ బుట్టలో వేసి
మెట్లు దిగి నాకు తెచ్చిస్తాడు.
బుట్ట దించి, ఫ్యాన్ కింద నిమిషం నించుని,
వేళ్ళాడుతున్న పేర్లన్నీ చదివి వెళ్తాడు.

నేను జోస్యం చెప్పేదాన్ని కాను.
ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా
ఎన్ని గెలుస్తామో సరిగ్గా చెప్పలేదు.
అయినా బిస్కెట్ల డబ్బాలో
నాలుగు అక్షరాలు కత్తిరించి పెట్టాను.
అందులో రెండు 'ఓ'లు.
మా అవ్వ బొత్తాలంత గుండ్రంగా వచ్చాయి.

శనివారం ఇంకా మూడు రోజులుంది.
మిషనుకి నూనె పోశాను.