గొంతు తగ్గించడం

కుతైసిలో పాత పట్టుమిల్లు అది.
మగ్గాలు పోయిన చోట ఇప్పుడు నూట అరవై కుర్చీలు.
నిచ్చెన పట్టుకోవడం నా పని,
ఎక్కడం మల్ఖాజ్‌ది.

తొమ్మిదిన్నరకి అందరూ ఒకేసారి
ల్యాప్‌టాప్ మూతలు తెరుస్తారు.
తొమ్మిదీ ముప్ఫై రెండుకి తెరల మీద చిన్న చక్రం మొదలు.
గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది,
నూనె రాదు.

"ఇంకా పెద్ద డబ్బా కొనండి,
గోడలు దాటి వినపడేది" అంది నెస్తాన్, మేనేజరు.
రెండు మూరల ఇటుక గోడని అరచేత్తో చరిచి
మల్ఖాజ్ నవ్వాడు:
"అరిచేవాడికి చెవులుండవమ్మా."

గాలి ఒక్కటే.
ఒకరు మాట్లాడుతుంటే తక్కినవాళ్లు ఆగాలి,
సందు చూసుకుని మాట కలపాలి.
ఇద్దరు ఒక్కసారే నోరు తెరిస్తే
రెండు మాటలూ నేలపాలు,
మళ్లీ మొదటినుంచి.
ఇన్నాళ్లూ ఈ మిల్లులో జరిగింది పని కాదు,
తోపులాట.

ఒక్క డబ్బా దించి పదకొండు బిగించాం.
ప్రతిదాని గొంతూ తగ్గించాం,
ఇరవై నుంచి పన్నెండుకి,
మూలనున్నదాన్ని తొమ్మిదికి.
చిరునామాల అద్దె రోజు నుంచి గంటకి కుదించాం.
ఇంటికెళ్లిపోయిన ఫోను
గది ఖాళీ చెయ్యనంటే ఎలా?
తీగ లాగితే సీలింగులోంచి దుమ్ముతో పాటు
మగ్గాల కాలపు పట్టుపోగొకటి దిగి
నా భుజమ్మీద వాలింది.

ఇక చివరి పని.
నత్తనడక పరికరాల్ని గెంటెయ్యడం.
ఒక్క నత్త మాట ముగిసేలోపు
యాభైమంది వరసలో నిలబడాలి మరి.
జాబితాలో ఉన్నది ఒకే ఒక్క నత్త,
రాత్రి కాపలా త్సియాలాది.
అద్దం పగిలిన ఆ ఫోన్లో ఆమె
పోతి రేవులో ఎవరో, మొహం తెలియని మనిషితో
చదరంగం ఆడుతుంది.
రాత్రికి నాలుగెత్తులు.

మల్ఖాజ్ వేలు మౌస్ మీద ఆగింది.
"ఇప్పుడు ఎవరి వంతు?"
నాకేం తెలుసు.
"గుర్రం చిక్కుల్లో ఉందట" అన్నాను, "నిన్న చెప్పింది."

దించిన పాత డబ్బాని సంచీలోంచి బయటికి తీశాడు.
మెట్ల కింద, చీపుర్ల పక్కన,
ఎవరికీ అడ్డురాని చానెల్లో,
గుసగుస కన్నా చిన్న గొంతుతో పెట్టాడు.
పేరు అడిగితే
"గుర్రం" అని కొట్టాడు.

సోమవారం తొమ్మిదీ ముప్ఫై రెండు.
నూట అరవై మూతలు.
ఏమీ జరగలేదు.
ఎవరూ తలెత్తలేదు, మావైపు చూడలేదు.
నెస్తాన్ మాత్రం బిల్లు తిరగేసి
మెట్ల కింద డబ్బా లెక్కలో లేదేం, అంది.

నేను నిచ్చెన మడుస్తున్నాను.