సంస్థ పేరు

ముమ్మిడివరం బస్టాండు ఎదుట నా జిరాక్సు కొట్టు.
కరెంటు వచ్చీ రాగానే
తడి గొడుగు మడుస్తూ లోపలికొచ్చింది పినపోతు ధనకొండ.
"మా లంక ఉండేదని ఓ కాయితం కావాలమ్మాయ్.
ఎమ్మార్వో గారు అసల్లేదంటన్నారు."

నేను పుట్టకముందే ఏట్లో కలిసిపోయిన లంక.
కాలేజీలో వాడిన డిజిటల్ భాండాగారం గుర్తొచ్చింది,
ఎక్కడెక్కడి విశ్వవిద్యాలయాలో
తమ అటకలు దులిపి ఒకచోట పోసినది.
'గవరయ్య లంక' అని కొట్టాను.
సున్నా.
ఉత్త 'లంక' అని కొట్టాను.
పద్నాలుగు వేల మూడు వందల పన్నెండు.

ముందు రావణుడి లంక వచ్చింది,
తాటాకు అంచు చెదలు కొరికి
ఏడు తలలే మిగిలిన రావణుడు.
వెనకే సింహళపు తేయాకు లెక్కలు.
లంక ఇంటిపేరున్న ఎవరిదో సిద్ధాంతవ్యాసం
గుమ్మడి పెంకు పురుగు మీద, నూట ఎనభై పుటలు,
అంకితం మాత్రం పురుగు తిన్న వాళ్లమ్మ పాదుకి.
లంకపొగాకు చుట్టల పెట్టె మీది బొమ్మ.
లంకెబిందెలు. లంకణం కూడా.
యంత్రానికి ఊరికీ ఆకలికీ తేడా తెలీదు.

ధనకొండ స్టూలు లాక్కుని కూర్చుంది.
"అదేంటది? కిందకి దింపు."
లాకు గుమాస్తా చిట్టా. దాటిన పడవలు, వాటి సరుకు:
కొబ్బరి, సున్నం, బెల్లం, ఒక హార్మోనియం,
ఒక పెళ్లికూతురు (సుంకం లేదు).
ఓ గ్రామఫోను రికార్డు లేబులు, పాట లేకుండా.
నీటిమట్టాల పట్టికలో
ఎర్రసిరా గీసిన ఒక ఆగస్టు.
నది మింగిన నేల ఎవరిది, కక్కిన నేల ఎవరిదని
ఇరవై రెండేళ్లు నడిచిన దావా.
తీర్పు వచ్చేసరికి ఆ నేల మళ్లీ మునిగింది.
ఇది చదివి వినిపిస్తే ఆవిడ నవ్వింది,
మూడు పళ్లు, మూడూ కిళ్లీ రంగు.

నాలుగైంది. ఇద్దరు ఆధార్ జిరాక్సుకొచ్చి వెళ్లారు.
నాలుగొందల ముప్పయ్యో ఫలితం
పుస్తకం కాదు, పటం కాదు.
అట్ట మీద దారంతో కుట్టిన గడ్డి మొక్క,
వేళ్లతో సహా ఎండి గోధుమరంగైంది.
మూల చేతిరాత చీటీ:
"గోదావరి పాయ నడుమ ఇసుక దిబ్బ, గవారి లంక.
స్థానిక నామం తుంగ. నమూనా ఒకటే."
పెద్దది చేశాను. ఇంకా పెద్దది.
వేరు వంకరలో ఆవగింజంత ఒండ్రు,
ఎవరూ కడగలేదు.
సముద్రాల అవతల, చల్లటి గదిలో, ఇనప బీరువాలో
ఆ లంకకి మిగిలిన నేలంతా అదే.

ధనకొండ తెర దగ్గరికి వంగింది,
కళ్లతో కాదు, ముక్కుతో చూస్తున్నట్టు.
"తుంగ కాదే. బిడ్డతుంగ.
తుంగ చెయ్యి కోస్తది, ఇది కొయ్యదు.
పురిటి చాప దీంతోనే అల్లేవోళ్లం.
నన్ను పడుకోబెట్టిందీ దీని మీదే.
రాసుకున్నోడికి ఎవరో సగం పేరే చెప్పారు."

ప్రింటు తీసిచ్చాను. ఇంకు తక్కువై
మొక్క బూడిదలా పడింది.
ఎమ్మార్వో ఏమంటాడో ఇద్దరికీ తెలుసు,
గడ్డిపోచకి పట్టా ఇవ్వరు.
వద్దంటున్నా పది నోటు బల్ల మీద పెట్టింది,
అదీ తడిసే ఉంది.

గడప దాటబోతూ ఆగింది.
"పేరు తప్పు రాశారు కదా, దాని మాటేంటి మరి?"
పేజీ అడుగున చిన్న పెట్టె ఉంది: సవరణలు పంపండి.
ఆవిడ చెప్పింది, నేను కొట్టాను.
డ కింద ఒత్తు పడిందో లేదో
రెండుసార్లు చూపించమంది, చదువు రాకపోయినా.
పరిశోధకుల పేరు? పినపోతు ధనకొండ.
విద్యార్హత? ఖాళీగా వదిలితే ఒప్పుకోలేదు,
ఓ గీత పెట్టాను.
సంస్థ?

నేను ఆవిడ వైపు చూశాను.
బయట వాన వెలిసింది, కాట్రేనికోన బస్సు
హారన్ మీద హారన్ కొడుతోంది.
"పల్లంకుర్రు రేవు అని ఎయ్యి," అంది గొడుగు అందుకుంటూ,
"అక్కడ ఎవర్నడిగినా చెప్తారు."