చూడటం వరకే

పట్నం బజారు మేడమీద, తిరిగీ తిరగని ఫ్యాను కింద
అప్పయ్యగారి ట్రేడింగు ఖాతాని
నాలుగు పాయలు చేస్తున్నాను.

ఒకటి బావమరిదికి: కొనొచ్చు, అమ్మొచ్చు,
రోజుకి లక్ష దాటకూడదు.
ఒకటి కోడలికి: నష్టం పదివేలు తాకగానే
దానంతటదే తాళం పడుతుంది.
మూడోది ఆయనదే, ఇంట్లో తెలియనిది.
పేరేం పెట్టమంటారంటే
కాసేపు కిటికీలోంచి చూసి
"తేజ అని పెట్టమ్మా" అన్నారు.
మిరపకాయో, మనిషో
నేనడగలేదు.

నాలుగోది నాకు, పని నేర్చుకోమని.
"చూడటం వరకే, అక్కడ టిక్కు పెట్టుకో."

చూడటం వరకే.
మా అమ్మ ఇరవయ్యేళ్లు యార్డులో
కిలోకింతని తొడిమలు తీసింది.
టిక్కీలు లారీ ఎక్కుతుంటే
కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని
ఇవాళ ఎంత పలికిందని
ఎవరినో ఒకర్ని అడిగేది,
తనకేదో ముట్టేటట్టు.

రాత్రి పాతగుంటూరులో
కంచం పక్కన ఫోను పెట్టి చూపించాను.
ఎర్రంకెలు, పచ్చంకెలు.
మంట చేతులు తెరకి తగలనీకుండా
వెనక్కి పెట్టుకుని వంగి చూసింది.
"ఇందులో మనదేదే?"

పాస్‌వర్డు, అన్నాను.
అది తన పేరేనని
చెప్పలేదు.