నలభై మూడో పేజీ

లియేజ్‌లో మా వంటింటి కిటికీ మ్యూజ్ నది వైపుండేది.
వెలుతురు బాగా వస్తుందని ఆ బల్ల నాకిచ్చారు.
ఫిర్మాన్‌కి పైన గది, గదికో తలుపు, తలుపుకో గడియ.
నాకు
బంగాళాదుంపల తొక్కలు పక్కకి నెడితే మిగిలినంత చోటు.

పొద్దెక్కేసరికి పేజీలు మెట్లు దిగొచ్చేవి
లేత నీలిగీతలతో, ఇంకా ఒంట్లో నెత్తురు లేని మనుషులతో.
కెప్టెన్ వార్నో కోటుకి ఆవపసుపు.
సముద్రానికి రెండు పూతలు, తుఫానైతే మూడు.
దొంగల చెంపలకి ఓ పిసరు ఆకుపచ్చ.

ఆ ఓడలో ముప్ఫై ఏడుగురు నావికులు, ఒక చిలుక, ఒక ఓర్లాన్.
ఓ రాత్రి నిద్రపట్టక మాటలు లెక్కపెట్టాను.
ఆరో ఆల్బంలో చిలుకవి పంతొమ్మిది.
ఆమెవి పదకొండు
అందులో ఆరు "కెప్టెన్!" అన్న కేకలే.

గాలివానలో అందరికీ తోలుకోట్లుంటాయి.
ఆమె గౌను మాత్రం ఏదో ముల్లుకి తగిలి
తొడదాకా చిరుగుతుంది.
నడిసముద్రంలో ముల్లెక్కడిదని అడిగాను.
"పదేళ్ళ కుర్రాళ్ళు అలాంటివి అడగరు" అన్నాడు ఫిర్మాన్.
మరి పదేళ్ళ ఆడపిల్లలో?
"వాళ్ళు కొనరు."

మా ఒడెట్‌కి అప్పుడు పదేళ్ళు.
నిజమే, కొనేది కాదు.
బల్లకింద కూర్చుని, నా కాళ్ళకి ఆనుకుని
తడి ఆరని పేజీలు చదివేది.

ఓర్లాన్ నడుము నా మణికట్టంత.
ఇద్దర్ని కన్నదాన్ని,
అందులో కాలేయం ఎటు పెట్టాలో
పేగులు ఎలా మడవాలో
నాకెంతకీ పాలుపోలేదు.
అయినా గీత దాటకుండా రంగేశాను. నా పని అదే కదా.

ఏడో ఆల్బం, నలభై మూడో పేజీ.
వార్నోకి కోపం రావాలట.
అందుకని ఆమె చావాలట.
మెట్లమీంచి పేజీతో పాటు ఓ చీటీ:
ఎరుపు ధారాళంగా, ముఖం బూడిదరంగు, శుక్రవారానికల్లా.

బల్లకింద నుంచి చెయ్యొచ్చింది, పేజీ అందుకుంది.
"ఈమెకేమైంది?"
కెప్టెన్‌కి కోపమొచ్చింది, అన్నాను.
"నేనడిగింది ఆయన గురించి కాదు."

సూప్ మాడింది ఆ రోజు.
ఎరుపు వేశాను, చెప్పినంతా వేశాను.
ముఖం దగ్గరికొచ్చేసరికి బూడిదరంగు కలపబుద్ధి కాలేదు.
ఎడమ చెంప మీద, ఎవరూ చూడని చోట
ఒక్క చుక్క.
ఎండలో నడిచొచ్చిన వాళ్ళకుంటుందే, ఆ రంగు.

ప్రచురణకర్త ఉత్తరం రాశాడు, నాకు కాదు, ఫిర్మాన్‌కి:
మీ ఆవిడ చెంప విషయంలో పొరబడింది.
అప్పటికే అచ్చు తిరిగిపోయింది.
ఎనిమిదో ఆల్బంలో అసలు ఆడమనిషే లేదు.
చిలుక ఉంది.

ఇప్పుడా పేజీ బ్రస్సెల్స్‌లో అద్దం వెనక వేలాడుతోంది.
మోకాళ్ళు పట్టేసినా వెళ్ళాను, రానూపోనూ రైలు టికెట్టుకి ఒడెట్ డబ్బిచ్చింది.
కింద చీటీ: ఫిర్మాన్ హాంకే. కాగితంపై ఇంకు, నీటిరంగు.
అంటే నేనిక్కడ ఉన్నానన్నమాట,
నీటిరంగు అనే పేరుతో.

కళ్ళజోడు కుర్రాడొకడు జనానికి చెబుతున్నాడు,
ఆయనకి రంగులంటే పిచ్చి అని.
ఫిర్మాన్‌కి తన మేజోళ్ళలో
గోధుమరంగేదో నలుపేదో తెలిసేది కాదు.
చచ్చినవాడి మీద చాడీలెందుకని ఊరుకున్నాను.

జనం కదిలిపోయారు.
గుండు చేయించుకున్న అమ్మాయి ఒకతి మిగిలింది
అద్దానికి ముక్కు తగిలేంత దగ్గరగా.
"చావలేదు" అంది, తనలో తనే.
"చెంప చూడండి, ఈవిడ చావలేదు."

అప్పుడు నోరు విప్పాను.
కార్మైన్ ఒక చుక్క, అన్నాను.
ఆవపసుపు సూదిమొనంత.
నీళ్ళు రెండు చుక్కలు, గోరువెచ్చనివి.
అంతకుముందు బ్రష్‌ని ఎరుపులో ముంచి ఉంటే
బాగా కడుక్కో అమ్మా.