ఒక మోస్తరు

పన్నెండు, ఎనిమిది, ఆరు, ఇరవై తొమ్మిది.
ఏజెంటు ధనకోటి ఐదునూర్లు తీసుకుని
సిగరెట్ పెట్టె వెనక రాసిచ్చిన అంకెలు.
"పేజీ తిప్పినప్పుడల్లా ఒకటి చెప్పు, అంతే" అన్నాడు.
రాత్రంతా మండీలో గోనెపట్టల మీద పండుకుని
ఎక్కం మాదిరి వల్లెవేసినా.

చిత్తూరు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
ఆ పుస్తకాన్ని వెనక నుంచి తెరిచింది.

నాకు కనిపించింది చుక్కలే.
మా అమ్మ వాకిట్లో పెట్టి
గీత కలపకుండా వదిలేసిన ముగ్గు.
"పన్నెండు" అన్నా.
కళ్లద్దాల పైనుంచి చూసింది.
"ఎనిమిది" అన్నా, గొంతు తగ్గించి.
పుస్తకం మూసేసి
"ఎవురు నాయనా నీకీ అంకెలమ్మింది?" అని అడిగింది.

ఫారంలో అప్పటిదాకా బాగానే రాసినా.
మూర్ఛలు వస్తాయా? రావు.
ఇరవై ఐదు మీటర్ల దూరంలో బండి నంబరు చదవగలవా?
దామలచెరువు రోడ్డులో ఎదురొచ్చే లారీది
డ్రైవరు మీసంతో సహా చెప్తా.
రేచీకటి ఉందా?
తోపులకి రాత్రి కావిలి కాసినోణ్ణి, నన్నా అడిగేది?
ఎరుపు, పచ్చ వేరుగా తెలుస్తాయా?

అక్కడ పెన్ను నిలబడిపోయింది.

తెలుస్తాయి సామీ, వేరే దారిలో.
తోతాపురి పండిందా లేదా
తొడిమ కాడ వాసన చూసి చెప్తా.
బేనీషా బుగ్గ మీద బొటనవేలు పెడితే
ఎన్నాళ్లకి మాగేదీ అదే చెప్తాది.
పన్నెండేండ్లు గ్రేడింగు జేసినా,
ఫ్యాక్టరీ నుంచి ఒక్క కాయ తిరిగి రాలా.
సిగ్నలంటారా,
పైన వెలిగితే నిలబడేది, కింద వెలిగితే పోయేది.
మధ్యలోది వెలిగితే
కళ్లు బాగుండేటోళ్లే ఎవురూ నిలబడరు గదా.

డాక్టరమ్మ నవ్వలా.
తిరుపతికి పో, అని చీటీ రాసింది.
ఎక్కువుంటే లైసెన్సు రాదంట,
ఒక మోస్తరుగా ఉంటే వస్తాదంట.
తెలీనితనానికి గూడా గ్రేడింగు ఉండాదని
నాకప్పుడే తెలిసింది.

తిరుపతిలో చీకటి గది.
నా ముందర గుండు మీద గంధం ఆరని పెద్దాయన.
ఆయన తర్వాత నేను.
పెట్టెలో ఆవగింజంత దీపం వెలిగి ఆరిపోతాది,
ఇంగొకటి వెలుగుతాది.
ఇక్కడ పైనా లేదు, కిందా లేదు,
వాసన గూడా లేదు.
కొన్ని చెప్పినా. కొన్ని ఊరకున్నా.

"ఇది తల్లి నుంచి కొడుక్కొచ్చేది" అన్నాడు చిన్న డాక్టరు
రాసుకుంటానే.
"ఆమెకి బాగానే కనిపిస్తాది. మోసుకొచ్చి ఇస్తాది, అంతే."

బయట బెంచీ మీద మా అమ్మ కుప్పమ్మ
క్యారియర్ ఒళ్లో పెట్టుకుని కూచోనుండాది.
"ఏమన్నాడు రా?"
"ఏం లా. తాత పోలిక అన్నాడు."
కొంచేపు మాట్లాడలా.
మూత తీసి, సద్దన్నం నా పక్కకి జరిపి,
"మా నాయన పచ్చిమిరపకాయో పండుమిరపకాయో
నాలిక మీద పెట్టుకుని గానీ చెప్పేటోడు కాదు.
ఎగతాళికి చేస్తా ఉండాడని
మేము పడీపడీ నవ్వతా ఉంటిమి" అనింది.
ఆ పొద్దు ఆమె అన్నం తినలా.

కాగితం మీద ఇంగ్లీషులో ముద్ర కొట్టిచ్చినారు.
మోస్తరు.
సి. చెంగల్రాయులు, చిన్న ఏనుగు బండి తోలొచ్చు.
కార్డు ఫోటోలో నేనేసుకున్న చొక్కా
ఏ రంగో అమ్మనే అడగాల.

మొగిలి ఘాటు రెండుసార్లు ఎక్కి దిగినా.
మూడో వారం, లోడుతో వస్తా ఉంటే,
గాంధీ బొమ్మ కాడ కరెంటు పోయింది.
పైనా లేదు, కిందా లేదు.
నాలుగు పక్కలా బండ్లు నిలబడిపోయి
ఒకరి మొహం ఒకరు చూసుకుంటా
నువ్వు పో, నువ్వు పో అని
చేతులాడిస్తా ఉండారు.
వెనక నుంచి బేనీషా వాసన.
ఎల్లుండికి మాగుతాది.
చెయ్యి బయటికి పెట్టి
మెల్లింగా ముందరికి పోయినా.