తొమ్మిదో వారం

ఆగస్టు. వాల్దివియాలో వాన మొదలై పదకొండు రోజులు.
కమిటీ గదిలో కట్టెల పొయ్యికి
వేడి తక్కువ, పొగ ఎక్కువ.
బల్ల మీద ఆరు కోర్సుల ఫైళ్లు, పక్కన నా తడి గొడుగు.
నా పని కొలవడం.
నేను పాఠం చెప్పి ఎనిమిదేళ్లయింది.
ఇప్పుడు చెప్పేవాళ్ల పాఠాలకు గళ్లు గీస్తాను.

ప్రతి కోర్సూ ఒకే తోకతో ముగియాలని నియమం:
విద్యార్థులు గుర్తించగలరు. వివరించగలరు. లెక్కించగలరు.
ఇన్ని గలరులు చదివి ఇంటికెళ్లాక
సూపు గిన్నె ముందు కూర్చుంటే
నేనేం చేయగలనో తోచదు.
"అర్థం చేసుకుంటారు" అని రాస్తే ఎర్రగీత.
అర్థం కావడం కంటికి కనిపించదట.

మిరేయా ఓయార్సూన్, నర్సింగు.
ఏడో వారం: మంచం పక్కన మాట్లాడకుండా ఉండటం, రెండు గంటలు.
దీనికి మార్కులెలా వేస్తారని అడిగాను.
ఆమె నా వైపు చూసింది.
చూస్తూనే ఉంది.
పొయ్యిలో కట్టె చిటపటమంది, ఎవరో దగ్గారు,
నేనే ముందు నోరు తెరిచాను, "అంటే..."
"మీకు నాలుగు," అంది, "ఏడుకి. గట్టెక్కినట్టే."

జర్మన్ వ్యాకరణం గడిచింది.
సహకార సంఘాల చట్టం గడిచింది.
బీరు రసాయనశాస్త్రం మీద అందరికీ అభిప్రాయాలున్నాయి గనక
గంట పట్టింది.

గణాంకాల ఎగాన్ హాఫ్‌మన్
నిరుటి అభిప్రాయ పత్రాల సగటు తెచ్చాడు.
ఒకటి నుంచి ఐదు దాకా, నూట పద్నాలుగు మంది.
నూట పదిహేనో పిల్ల అన్నిటికీ మూడే చుట్టింది,
పైనుంచి కింద దాకా, కంచె పాతినట్టు.
వెనక పెన్సిలుతో:
"నవంబరులో నాకేమీ తెలియలేదు సార్.
జనవరిలో, చేపల మార్కెట్లో, అమ్మ కొట్టు లెక్కలు చూస్తుంటే తెలిసింది.
ఆలస్యానికి క్షమించండి."
గడువు దాటింది గనక కలపలేదన్నాడు.
అయినా జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు.
మడతల దగ్గర కాగితం చిరిగింది.

చివరిది ఎలిసేయో కత్రిలేయో, నేలల శాస్త్రం.
పదహారు వారాల్లో పదిహేనే నిండాయి.
తొమ్మిదో గడి ఖాళీ.
"మరిచిపోయారా?"
"లేదు. ఆ వారం వాన పడాలి.
పడితే బురదనేలకు నడుస్తాం.
పడకపోతే గుమ్మంలో కూర్చుని చూస్తాం."
"ఏం చూస్తారు?"
"వాన కోసం. ఇంకేముంది."

ఖాళీ గడి ఉండకూడదు.
శాంటియాగో నుంచి పరిశీలకులొస్తారు, పొడి బూట్లతో.
ఎలిసేయో వాదించలేదు. తాత సంగతి చెప్పాడు.
అరవైలో భూమి కదిలినప్పుడు
వాళ్ల గోధుమ చేను నిలువునా కుంగిందట,
నది లోపలికొచ్చి పడుకుందట.
ఇప్పుడక్కడ నల్లమెడ హంసలు.
"నలభై ఏళ్ల రైతు, అప్పుడు తెడ్డు పట్టాడు.
ఎవరూ మార్కులు వేయలేదు.
మునగలేదు, అంతే."

అందరూ వెళ్లిపోయారు. కిటికీలో చీకటి.
ఫైళ్లన్నీ నేను కంప్యూటర్లోకి ఎక్కించాలి.
తొమ్మిదో గడిలో "వాన" అని కొట్టాను.
ఒప్పుకోలేదు. జాబితాలోంచి క్రియ ఎంచుకోమంది.
గలరులన్నీ బిలబిలా కిందికి దిగి
బంట్రోతుల్లా వరసకట్టాయి.
ఖాళీగా వదిలాను. ఒప్పుకోలేదు.
చివరికి ఒక చుక్క పెట్టాను.
ఒక్క చుక్క.
ఒప్పుకుంది.

బయట దాని తోబుట్టువులు రేకుల మీద దరువేస్తున్నాయి.
గొడుగు తెరవబోయి, ఎందుకో, చంకలో పెట్టుకునే నడిచాను.
వంతెన మధ్యకొచ్చేసరికి బూట్లలో నీళ్లు,
కింద ఎక్కడో సీలు జంతువు ఒకటి
నిద్రలోనే నన్ను కసురుకుంది.
ఏడుకి నాలుగు.
గడువు దాటాక దిద్దుకోనిస్తారేమో
రేపు మిరేయాని అడగాలి.
లేదా అడక్కుండా
కాసేపు ఆమె పక్కన కూర్చోవాలి.