నక్కవుల్లి

ఖాజాగూడలో గుట్టను పేల్చిన మర్నాడు
కంకర లారీ చక్రం పక్కన దొరికింది.
పిడికిలంత గడ్డ, పొరలు పొరలుగా తెలుపు,
ఒక పక్క రాయి కోసిన గాటు.
ఉల్లిగడ్డ అనుకునే సంచిలో వేసుకున్నాను.
ఇంటికొచ్చి వాసన చూస్తే ఉల్లి కాదు.
అరచెయ్యి రాత్రంతా దురద పెట్టింది.

నా పని పేర్లు అంటించడం.
మెహదీపట్నం ల్యాబులో, నైట్ డ్యూటీ,
నెత్తురు గొట్టాల మీద
పేరు, వయసు, ఆడ, మగ, బార్‌కోడు.
పేరు లేని గొట్టం వస్తే పక్కన పడేస్తాం, అది రూలు.
పేరు లేని గడ్డని మాత్రం
పగిలిన పెరుగు బకెట్లో నాటి
బాల్కనీలో వాషింగ్ మెషీన్ మీద పెట్టాను.

వానలు పడగానే ఆకులొచ్చాయి,
బెల్టుల్లా, కొసలు కాస్త మెలి తిరిగి.
నర్సరీ అతను ఫొటో చూసి
"లిల్లీ మేడమ్, గులాబీ రంగు పూస్తది" అన్నాడు,
ఎరువు డబ్బా ఒకటి అమ్మాడు.
పక్కింటి కుల్సుమ్ ఆపా
"జంగ్లీ ప్యాజ్! బచ్చోంకు దూర్ రఖో" అంటూ
మనవణ్ణి చంకనెత్తుకుని లోపలికి పోయింది.
ఫోన్లో యాప్ ఒకరోజు వెల్లుల్లి అంది,
ఒకరోజు ఆఫ్రికాది ఏదో అంది,
మూడోరోజు "ఆకు, ఎనభై శాతం" అంది.

దసరా దాటాక ఆకులు పండుబారాయి.
నీళ్లు పెంచాను. ఇంకా పండాయి.
ఎరువు వేశాను. వాసన కొట్టింది.
డిసెంబరుకి మట్టి మిగిలింది.
ఆ బకెట్లో బట్టల క్లిప్పులు వేసుకోవడం మొదలుపెట్టాను.

రోహిణి ఇంకా రాకముందే
రోళ్లు పగిలేలా ఉన్న ఎండల్లో
క్లిప్పుల మధ్య నుంచి ఒక పుల్ల.
ఆకు లేదు, అలం లేదు.
మోకాలెత్తు, గోధుమరంగు, చుట్టూ తలలు వంచిన మొగ్గలు.
ఎవరో అగరొత్తి గుచ్చారనుకున్నాను.

తెల్లారి నేనొచ్చేసరికి
నిన్నటి మొగ్గలు రెండు
నలిపేసిన బస్ టికెట్లలా ముడుచుకుని ఉండేవి.
సాయంత్రం నేను మెట్లు దిగేటప్పటికి
ఇవాళ్టివి ఇంకా విచ్చేవి కావు.
పూస్తోంది. నాకే కనబడ్డం లేదు.
లెక్కపెట్టాను, మిగిలినవి
పదకొండు, తొమ్మిది, ఏడు.

నీళ్ల మోటారు చూడ్డానికొచ్చిన వాచ్‌మన్ బుగ్గయ్య,
కోస్గి దిక్కు మనిషి, పుల్లని చూసి నవ్వాడు.
"నక్కవుల్లిగడ్డ గదమ్మా ఇది!
మా గుట్ట మీద బొచ్చెడు.
ఆకున్ననాడు పువ్వుండదు, పువ్వున్ననాడు ఆకుండదు,
ఒకదాని మొకం ఒకటి చూడయి.
ఎండల నీళ్లు బోస్తే మురిగి సస్తది.
మీరు బొయ్యలే, బతికింది."
ఎరువు డబ్బా వైపు చూశాను.
మూత తుప్పు పట్టి ఉంది.

ఆ రాత్రి ల్యాబుకి జ్వరమని చెప్పాను.
ఏడూ పదికి ఒక మొగ్గ కదిలింది,
చొక్కా గుండీ దానంతటదే ఊడినట్టు.
ఆరు రేకులు. అందంగా ఏమీ లేవు.
టీ మరక రంగు, నడుమ ఆకుపచ్చ గీత,
రేకులు వెనక్కి విరిచి, తల మాత్రం కిందికే.
కుల్సుమ్ ఆపాని పిలిచాను.
"ఇదేనా?" అంది.
"ఇదే" అన్నాను.
ఇద్దరం స్టూళ్లు వేసుక్కూర్చున్నాం.
కింద టోలీచౌకి హారన్లన్నీ దాటి,
మూడంతస్తులు ఎక్కి,
బూడిదరంగు రెక్కల పురుగొకటి వచ్చి వాలింది.
దానికి అడ్రస్ ఎవరిచ్చారో.

జూన్‌లో కాయలు పగిలాయి.
గింజలు నల్లగా, పల్చగా, కాలిన కాగితపు తునకల్లా.
పొట్లం కట్టుకుని ఆదివారం ఖాజాగూడ వెళ్లాను.
గుట్ట లేదు. గోతిలో నీలం నీళ్లు.
సేల్స్ ఆఫీసు ముందు పచ్చిక, పచ్చికకి తుంపర్లు.
గేటు పక్కన ఒక్క బండరాయి మిగిలింది,
ఒంటి మీద సున్నంతో అంకె.
దాని పగుల్లో నాలుగు గింజలు దూర్చి మట్టి అదిమాను.

సెక్యూరిటీ అబ్బాయి పరుగున వచ్చి
రిజిస్టరు చాచాడు, "ఎంట్రీ రాయండి మేడమ్."
పేరు దగ్గర నక్కవుల్లి అని రాశాను.
వయసు తెలియదు.
ఫ్లాట్ నంబరు గడి ఖాళీగా వదిలేశాను.